దిద్దిన కొద్దీ దిగజారిన బొమ్మ: ఒక కబడ్డీ చిత్రకారుడి కేస్ స్టడీ

ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టడం నేర్పేవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. వేసినదాన్ని దిద్దుకోవడం నేర్పేవాళ్ళు తక్కువ. విజయవాడలో నా స్టూడియోకి వచ్చేవాళ్ళలో ఉద్యోగం చేసుకుంటూ పొద్దునో రాత్రో బొమ్మలు వేసుకునే పెద్దవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఇరుక్కునేది దాదాపు ఎప్పుడూ దిద్దుబాటు దగ్గరే. ఈ కేసులో చిత్రకారుడు రోజుకొక ఫొటో తీసి దాచుకున్నారు కాబట్టి ఎక్కడ ఏం జరిగిందో వెనక్కి వెళ్ళి చూసే వీలు దొరికింది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, బడి, ఇంటి వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను. నేనెలాగూ అలాగే పిలుస్తాను.

నేపథ్యం

మాస్టారు గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ. వయసు నలభై దాటింది. కుర్రతనంలో కబడ్డీ గట్టిగా ఆడారు. కోర్టు మూలన, అంటే కార్నర్‌లో నిలబడి, కూతకి వచ్చినవాడి చీలమండ పట్టేసే (యాంకిల్ హోల్డ్) డిఫెండర్. మోకాలు దెబ్బతిని ఆట మానేశారు. బొమ్మలు కాలేజీలో నేర్చుకోలేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో సినిమా బ్యానర్లు వేసే ఒక పెద్దాయన దగ్గర చేరి గళ్ళు గీయడం, రంగు కలపడం, అరచేతి వెడల్పు బ్రష్‌తో చొక్కా మడతలు లాగడం నేర్చుకున్నారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మూతబడింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది. శుక్రవారానికి బ్యానర్ కట్టాలి కాబట్టి వేసినదాన్ని రెండోసారి ముట్టుకునే ప్రశ్నే లేని చోట తయారైన చెయ్యి అది. ఈ సంగతి తర్వాత చాలా పనికొచ్చింది.

డాబా మీద రేకుల షెడ్డే ఆయన స్టూడియో. తూర్పున ఒక కిటికీ, పైన ఒక ట్యూబ్‌లైట్. తెల్లవారుజామున ఐదింటికి లేచి, స్కూలుకి బయల్దేరేలోపు గంట, గంటన్నర వేస్తారు. రోజూ. పండగా, జ్వరమా అని చూడరు. ప్రాక్టీస్ మానితే ఒళ్ళు బిగుసుకుపోతుందన్న ఆటగాడి భయం ఇంకా పోలేదు. వేసేవన్నీ ఆటలే: కబడ్డీ, వాలీబాల్, అప్పుడప్పుడూ సంక్రాంతి బండలాగుడు పోటీల్లో ఒంగోలు ఎద్దులు.

నా దగ్గరికి తెచ్చిన సమస్య

దుప్పటి చుట్టి ట్రాలీ ఆటోలో తెచ్చారు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కాన్వాస్. కూతకి వచ్చిన రైడర్ ముందుకు పడుతూ మిడ్ లైన్ కోసం చెయ్యి చాస్తున్నాడు. ఒక డిఫెండర్ చీలమండ పట్టాడు, ఇంకొకడు తొడ వాటేసుకున్నాడు, మూడోవాడు వెనకనుంచి మీద పడుతున్నాడు. నెలల తరబడి దిద్దిన బొమ్మ.

"రోజూ ఏదో ఒకటి బాగు చేస్తూనే ఉన్నాను గురువుగారూ. నిన్నటికంటే ఇవాళ నయం అనిపించాకే లేస్తున్నాను. నెలరోజుల కింద ఫొటో పక్కన పెట్టి చూస్తే మాత్రం మొత్తం దిగజారిపోయింది" అన్నారు. ఎగ్జిబిషన్‌లో పెట్టమని ఎవరో అడిగారట, ఆ టెన్షన్ ఒకటి.

దూరం నుంచి చూడగానే తెలిసేది కదలిక లేకపోవడం. నలుగురూ ఫొటో కోసం ఆ భంగిమలో ఆగినట్టున్నారు. ఒంటి రంగులు బురదగా ఉన్నాయి. కొన్ని చోట్ల నూనె మెరుపు, కొన్ని చోట్ల సుద్ద రాసినట్టు మాట్. లైటు ఆర్పించి, ఫోన్ టార్చ్‌ని కాన్వాస్ పక్కనుంచి ఏటవాలుగా పట్టాను. ఎవరు ఏ బొమ్మ తెచ్చినా నేను మొదట చేసేది ఇదే, ఎదురుగా చూస్తే కనబడనివి ఆ వెలుగులో లేచి కనబడతాయి. రైడర్ తొడ మీద పక్కపక్కనే మూడు గట్లు కనబడ్డాయి. మూడు పాత తొడల అంచులవి. వాటి మధ్య వెంట్రుకవాసి పగుళ్ళు. గోటితో మెల్లగా నొక్కితే పైపొర గట్టిగా తగిలింది, దాని అడుగున మెత్తగా దిగింది.

తర్వాత ఫోన్‌లో ఫొటోలు వరసగా చూశాం. మొదటిరోజు బొమ్మే బాగుందని అనేయడం తేలిక, చాలామంది అదే అంటారు. ఇక్కడ అది నిజం కాదు. మొదట్లో రైడర్ చాచిన చెయ్యి బలహీనంగా ఉంది, అది చాలా వారాల తర్వాత కుదిరింది. నేల రంగు ఇంకా ఆలస్యంగా కుదిరింది. అంటే దిద్దడం వల్ల లాభాలు వచ్చాయి. ఒక లాభం వచ్చేలోపు రెండు పోయాయి, అదీ గొడవ. అందుకే "ఇక ముట్టుకోవద్దు" అనే సలహా ఇవ్వబుద్ధి కాలేదు. దేన్ని చూసి దిద్దుతున్నారు, పెయింట్ ఏ స్థితిలో ఉండగా దిద్దుతున్నారు, ఈ రెండూ విడివిడిగా తేల్చుకోవాలనిపించింది.

పెయింట్ వైపు నుంచి

వాటర్ కలర్ నీళ్ళు ఆవిరైతే ఆరుతుంది. ఆయిల్ అలా కాదు. లిన్సీడ్ ఆయిల్, అంటే మన అవిసె నూనె, గాల్లోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది. పైనుంచి కిందికి గట్టిపడుతుంది. పల్చటి పొరకి రోజులు, మందంగా వేస్తే నెలలు. రంగును బట్టి కూడా తేడా ఉంటుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, పల్చగా వేస్తే ఒకటి రెండు రోజుల్లో వేలికి అంటదు. ఐవరీ బ్లాక్, కాడ్మియం రంగులు, టైటానియం వైట్ నెమ్మది. పైపొరలో నూనె పాలు కిందిపొరకంటే ఎక్కువ ఉండాలనే పాత నియమం ఇందుకే పుట్టింది. కింద మెత్తగా ఉండి ఇంకా కదులుతుంటే, పైన బిరుసుగా ఆరిన పొర పగలక ఏం చేస్తుంది?

మాస్టారు చేసింది సరిగ్గా దానికి తిరగేసి. నీడలన్నీ మొదటే ఐవరీ బ్లాక్‌లో నూనె దండిగా కలిపి లాగారు, బ్యానర్ పద్ధతిలో. మర్నాడు పొద్దుటికి అది ఆరదు. దాని మీద బ్రష్ పెడితే కింద రంగు లేచి వస్తోందని, టర్పెంటైన్ ఎక్కువ పోసి అంబర్ పల్చగా చేసి వేశారు. అది ఆరిపోయింది, కిందది ఆరలేదు. తడి మీద తడిగా వేసే హాయి లేదు, ఆరినదాని మీద పొర వేసే నిదానమూ లేదు. ప్రతి పొద్దుటా ఆ మధ్యలో, వేలికి జిగటగా తగిలే దశలో పని జరిగింది. ఆయిల్‌లో ముట్టుకోకూడని దశ ఏదైనా ఉందంటే అదే.

పగుళ్ళ కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ మాట్ మచ్చలు. కిందిపొర పైపొరలోని నూనెను లాక్కుంటే ఆ చోట మెరుపు పోతుంది. మెరుపు పోయిన ముదురు రంగు లేతగా, బూడిదగా కనబడుతుంది. రంగు మారలేదు, కంటికి అలా కనబడుతోంది అంతే. మాస్టారు తెల్లవారి లేచి చూసేసరికి నిన్న వేసిన నల్లటి నీడ వెలిసిపోయి ఉండేది. తక్కువైందనుకుని ఇంకాస్త నలుపు వేసేవారు. మర్నాటికి అదీ ఇంకిపోయేది. మళ్ళీ నలుపు. నీడ ముదిరిందని వెలుగును పెంచేవారు, వెలుగు పెరిగిందని మధ్య రంగు మార్చేవారు. నెలల తరబడి ఆయన దిద్దినదాంట్లో పెద్ద భాగం అసలు లేని తప్పు.

నిర్ధారణ కోసం ఒక చిన్న పరీక్ష చేశాం. మూడో డిఫెండర్ వీపు మీద, పొర బాగా ఆరిన చోట, లిన్సీడ్‌లో టర్పెంటైన్ కలిపి గుడ్డతో పల్చగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేశాం. ఆ జానెడు మేర రంగు లేచి నిలబడింది. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను నలుపు మీద నలుపు వేసుకుంటూ పోయానన్నమాట" అన్నారు.

వెలుగు కూడా తోడైంది. ఐదింటికి మొదలుపెట్టినప్పుడు ట్యూబ్‌లైట్ నీలి తెలుపు. ఆరు దాటాక కిటికీలోంచి పచ్చటి ఎండ. ఆ గంటన్నరలో ఒకే తొడ రెండు రంగుల్లో కనబడుతుంది. అంత వెలుగు తేడాలో ఒంటి రంగు నిర్ణయాలు చేయడం ఎవరి తరమూ కాదు.

కదలిక వైపు నుంచి

ఈ రెండో భాగానికి మందు సీసాల్లో దొరకదు. మాస్టారు ప్రతి వారం స్కూలు పిల్లల మ్యాచ్‌లకి వెళ్తారు, గ్యాలరీ మెట్ల మీద నిలబడి వీడియో తీస్తారు. పొద్దున్నే ఫోన్‌లో ఆ వీడియో ఆపి, ఆ ఫ్రేమ్ చూసి దిద్దుతారు. ఈ వారం పాదం ఒక మ్యాచ్ నుంచి, వచ్చే వారం భుజం ఇంకో మ్యాచ్ నుంచి. ప్రతిదీ దానికదే కరెక్ట్. అన్నీ కలిపితే మనిషి చచ్చుబడ్డాడు.

ఇక్కడ ఒక పాత వాదన గుర్తుచేశాను. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ గుర్రప్పందెం వేశాడు. గుర్రాలన్నీ ముందుకాళ్ళు ముందుకీ, వెనకకాళ్ళు వెనక్కీ చాచి గాల్లో తేలుతుంటాయి. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో ఫొటోలు తీస్తే, నాలుగు కాళ్ళూ నేల వదిలేది అవి పొట్ట కింద ముడుచుకున్నప్పుడని తేలింది. లెక్కప్రకారం జెరికో తప్పు. చూస్తే మాత్రం ఆ గుర్రాలు పరుగెడుతున్నాయి. శిల్పి రోడిన్ ఈ బొమ్మనే ఉదాహరణగా తీసుకుని జెరికో పక్షాన మాట్లాడాడు. కదిలే శరీరంలో ఒక్కో భాగం ఒక్కో క్షణాన్ని చూపించవచ్చని, కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళేసరికి ఆ క్షణాలు కలిసి కదలికవుతాయని ఆయన వాదన.

అలా చూస్తే ఐదు ఫ్రేముల నుంచి ఐదు భాగాలు తీసుకోవడం దానికదే తప్పు కాదు. వరస ముఖ్యం. ఈ మాట చెప్పగానే మాస్టారు కుర్చీ జరిపి నేల మీద చేసి చూపించారు. యాంకిల్ హోల్డ్ పడితే మొదట ఆగేది పాదం. నడుము ఆగదు, ఇంకా ముందుకే పోతుంది. ఆ తర్వాత ఛాతీ వాలుతుంది, అందరికంటే చివర చెయ్యి సాగుతుంది. మరి కాన్వాస్ మీద? పాదం పట్టు పడకముందు ఫ్రేమ్‌ది, వేళ్ళు నేలను తన్నుతున్నాయి. నడుము పట్టు పడి కూలబడ్డాక ఫ్రేమ్‌ది. పాదం నుంచి పైకి పోయే కన్నుకి అయిపోయిన పట్టు, ఇంకా ఆగని పరుగు రెండూ ఒకేసారి తగులుతున్నాయి.

ఇంకొకటి, ఎక్కడ నిలబడి చూస్తున్నాం అన్నది. కార్నర్‌లో ఒంగి నిలబడ్డ డిఫెండర్ కళ్ళు రైడర్ నడుము ఎత్తులో ఉంటాయి. మాస్టారు మొదటి రోజుల్లో జ్ఞాపకంతో వేసిన బొమ్మంతా ఆ ఎత్తు నుంచే ఉంది, తొడ పెద్దదిగా మీదికి వస్తున్నట్టు. వీడియోలు గ్యాలరీ మెట్ల మీద నుంచి. దాంతో దిద్దిన ప్రతి భుజమూ పైనుంచి చూసిన భుజం. ఒకే బొమ్మలో ఆటగాడూ ప్రేక్షకుడూ కొట్టుకుంటున్నారు. ఒక్క చోటునే పట్టుకున్న బొమ్మకి ఒక ఉదాహరణ ఉంది. ఒలింపిక్స్‌లో 1912 నుంచి 1948 దాకా కళలకీ పతకాలుండేవి, విషయం క్రీడే అయ్యుండాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఐర్లాండ్ చిత్రకారుడు జాక్ యేట్స్‌కి ఈత పందెం మీద వేసిన ఆయిల్ పెయింటింగ్‌కి వెండి పతకం వచ్చింది. అందులో ముందుగా కనబడేది నది ఒడ్డున ఒంగి చూస్తున్న జనం. మనమూ ఆ గుంపులో ఒకళ్ళమై చూస్తాం. యేట్స్ ప్రేక్షకుడి చోటు తీసుకున్నాడు, చివరిదాకా వదల్లేదు. మాస్టారికి దొరికిన చోటు అంతకంటే అరుదైనది. ఆడినవాడు తప్ప ఇంకెవరూ నిలబడలేని చోటు.

పని చేయనివి

నా దగ్గరికి రాకముందే ఆయన ఒకసారి కాన్వాస్‌ని గోడకి తిప్పి పెట్టేశారు. అలా చెయ్యమని చాలా పుస్తకాలు చెబుతాయి, కొత్త కళ్ళతో చూడొచ్చని. వానాకాలం నెలంతా షెడ్డులో చీకట్లో ఉండేసరికి తెలుపులు పసుపెక్కాయి. లిన్సీడ్ చీకట్లో పసుపెక్కుతుంది, వెలుతురులో పెడితే చాలామటుకు తేరుకుంటుంది. ఆయనకది తెలియదు, పసుపును చంపడానికి నీలం కలిపి మళ్ళీ దిద్దారు. అయినా విరామం అనే మందు ఆయనకు పడదు. రోజూ పొద్దున్నే చెయ్యి ఆడాల్సిన మనిషి ఒక కాన్వాస్ ఆపితే ఇంకో కాన్వాస్ మీద అదే చేస్తాడు, చేశారు కూడా.

మేమిద్దరం మొదట ప్రయత్నించింది ఆల్కిడ్ మీడియం, అంటే ఆయిల్ రంగులో కలిపితే త్వరగా ఆరేలా చేసే ద్రవం. తర్కం సరళం: నిన్నటి పొర ఇవాళ్టికి ఆరిపోతే జిగట దశ ఉండదు, రోజూ దిద్దుకోవచ్చు. ఆరడం వరకు బాగానే ఆరింది. కాని తడిగా ఉండే సమయం తగ్గిపోయి, అంచులు కలపడం కష్టమైంది. ఏప్రిల్ ఎండకి రేకుల కింద, ఫ్యాన్ గాలికి పాలెట్ మీదే బిగుసుకోవడం మొదలైంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, త్వరగా ఆరుతోంది కాబట్టి మాస్టారు రోజుకి ఒక పొర బదులు రెండు వేశారు. సమస్య పెయింట్ వేగంలో మాత్రమే లేదని అది తేల్చింది. ఆల్కిడ్‌ని పూర్తిగా మానలేదు, అడుగుపొరకి మాత్రం ఉంచాం. అక్కడ త్వరగా ఆరడం లాభమే.

నూనె రుద్దడం సగం పనిచేసింది. రంగును సరిగా అంచనా వేయడానికి అంతకంటే మంచి మార్గం లేదు. అయితే మాస్టారు ఒకసారి ఉత్సాహంగా బొమ్మంతా దట్టంగా రుద్ది తుడవకుండా వదిలేశారు. మర్నాటికి డాబా దుమ్మంతా దాని మీదే. అప్పటినుంచి దిద్దబోయే చోట మాత్రమే, అదీ తుడిచాక వేలికి జిడ్డు తగలనంత పల్చగా అని నియమం పెట్టుకున్నాం. గుడ్డల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లిన్సీడ్ తడిపిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే, ఆక్సిజన్ పట్టుకునేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక వాటంతటవే మండిపోవచ్చు. మన మే నెలలో రేకుల షెడ్డులో ఇది మాటవరసకి చెప్పే జాగ్రత్త కాదు. నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయాలి, లేదా విప్పి ఆరుబయట విడివిడిగా ఆరేయాలి.

పని చేసినవి

మలుపు తిప్పింది రాత్రిపూట అలవాటు. రేపు పొద్దున ఏం మార్చాలో రాత్రే, బ్రష్ చేతిలో లేనప్పుడే తేల్చుకోవాలి, పలక మీద ఒక్క వాక్యం రాసుకోవాలి. "తొడ బాగు చెయ్యాలి" అని రాస్తే లెక్కలోకి రాదు. "తొడ అంచు నేలకి ఇంకా సమాంతరంగా రావాలి" అని రాయాలి. ఎందుకంటే పొద్దున్నే కాన్వాస్ ముందు కూర్చుంటే కంటికి ఏది ముందు గుచ్చుకుంటే దాన్ని దిద్దుతాం. గుచ్చుకునేది చాలాసార్లు ఇంకిపోయిన మచ్చో, వెలుగు మారడమో అవుతుంది. రాత్రి, బొమ్మ ఫొటోని నలుపు తెలుపుల్లో చూస్తూ ఆలోచిస్తే ఆ రెండిటి గోలా తగ్గుతుంది.

దీనికి తోడు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు. జిరాక్స్ షాపుల్లో పుస్తకాలు బైండ్ చేసేటప్పుడు అట్ట మీద వేస్తారే, అదే. బొమ్మ ఆరిన చోట దాన్ని టేపుతో అంటించి, మార్పుని షీటు మీద వేసి చూస్తాం. పదడుగుల దూరం పోయి చూసి, షీటు ఎత్తి చూసి, మళ్ళీ దించి చూసి, అప్పుడు నిర్ణయం. మాస్టారు రాసుకున్న మార్పుల్లో చాలావాటికి షీటు మీదే ఆయుష్షు తీరింది. కాన్వాస్ దాకా రాలేదు.

ఇక పొద్దుటి పని. ఒకే చోటు, అరచేతి వెడల్పంత. ఆరినదైతే పల్చగా నూనె రుద్ది మొదలు. జిగటగా తగిలితే ఆ కాన్వాస్ ఆ రోజుకి వదిలేసి పక్కదానికి. ఇందుకోసం నాలుగైదు కాన్వాస్‌లు ఒకేసారి నడిచేలా సర్దాం. స్కూలు టైమయ్యేలోపు తీర్పు: ఉంచాలా, తీసెయ్యాలా. తీసెయ్యాలంటే అప్పుడే, తడిగా ఉండగానే నైఫ్‌తో గీకెయ్యాలి, లేదా పాత దినపత్రిక పరిచి అరచేత్తో అద్ది లాగెయ్యాలి. లండన్ స్లేడ్ స్కూల్లో పాఠాలు చెప్పిన హెన్రీ టాంక్స్ పేరు మీద ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఆయన ముందు సర్జన్, తర్వాత చిత్రకారుడు. కాగితం మందాన్ని లాక్కుని బొమ్మ జాడని మాత్రం వదిలేస్తుంది. రేపటికి గట్టు ఉండదు, ఆధారం ఉంటుంది. ఈనాటి బ్రష్ దెబ్బ నచ్చకపోతే రేపు దిద్దుదాంలే అనే మాట మాత్రం ఇద్దరం నిషేధించుకున్నాం.

మాస్టారు దీన్ని తన భాషలోకి మార్చుకున్నారు. "ఇది కూతకి వెళ్ళడమే గురువుగారూ. ముప్ఫై సెకన్లు. ఒకణ్ణి తాకాలి, గీత దాటి ఇవతలికి రావాలి. వచ్చినపని అయ్యాక కూడా ఇంకొకణ్ణి తాకుదామని అక్కడే తచ్చాడితే ఏడుగురూ మీద పడతారు" అన్నారు. నేను చెప్పిన కారణాలన్నిటికంటే ఆ మాట ఆయన మీద ఎక్కువ పనిచేసింది.

ఫోన్ వాడకం మానలేదు, దాని చోటు మార్చాం. ముందు జ్ఞాపకంతో బొగ్గు స్కెచ్, కార్నర్ డిఫెండర్ కళ్ళ ఎత్తు నుంచి. ఆ స్కెచ్ షెడ్డు గోడకి అంటించి ఉంటుంది. వీడియోని ఒక్క ప్రశ్నకి జవాబు కోసమే చూడాలి, ఉదాహరణకి చీలమండ పట్టినప్పుడు డిఫెండర్ వేళ్ళు ఏ వైపు కలుస్తాయి. అదీ నేలకి దగ్గరగా కూర్చుని తీసిన వీడియో అయితేనే.

పాత కాన్వాస్ ఏం చేయాలి?

ఇక్కడ వాదన జరిగింది. ఏడాది కష్టం, వదలనన్నారు. ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా పేరు కూడా తెచ్చారు, ఎక్కడో చదివి. దెగా వేసిన కిందపడ్డ జాకీ (పందెపు గుర్రం రౌతు) బొమ్మ 1866 నాటిది, 1880, 81ల్లో మళ్ళీ దిద్దాడు, 1897 ప్రాంతంలో మళ్ళీ దిద్దాడు. ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ముప్ఫై ఏళ్ళు దిద్దినాయనకి లేని తప్పు నాకెందుకని మాస్టారి ప్రశ్న. మంచి ప్రశ్నే. కాని ఆ తేదీలు చూడండి. ఒక దిద్దుబాటుకీ ఇంకోదానికీ మధ్య పదేళ్ళ పైనే ఉంది. పెయింట్ పూర్తిగా ఆరిపోయింది, కళ్ళూ మారిపోయాయి. అది రోజూ గెలుకుతున్న బొమ్మ కాదు. పైగా అది ఆయన పోయేదాకా స్టూడియోలోనే ఉండిపోయింది.

మూడు దారులు ఆలోచించాం. పగుళ్ళ మీద మళ్ళీ వేయడం: కింద మెత్తటి పొర కదులుతున్నంతకాలం పగుళ్ళు మళ్ళీ పైకి వస్తాయి. తొడ మేరకు గీకి చదును చేయడం: పొడిగా సాండ్‌పేపర్ పట్టకూడదు, కాడ్మియం రంగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దవచ్చు, కాని అడుగున ఆరని పొర ఊడి వస్తుంది. మూడోది, దీన్ని ఇక్కడితో ఆపి, ఇందులో కుదిరిన చెయ్యినీ నేల రంగునీ షీటు మీద ఎత్తుకుని కొత్త కాన్వాస్ మీద మొదలుపెట్టడం. మూడోదాని వైపే మొగ్గాం. ఏడాది కష్టం వృథా కాలేదని చెప్పడానికి ఆ చెయ్యి ఒక్కటి చాలు. ఆ చెయ్యి కోసమే అన్ని నెలలు పట్టింది.

కొత్త కాన్వాస్ మీద మొదటి పొరని బ్యానర్ బ్రష్‌తోనే వేయమన్నాను. అరచేతి వెడల్పుది, నూనె లేకుండా, టర్పెంటైన్‌తో పల్చగా, ఒక్క పొద్దులో మొత్తం. ఆ చేతికి వచ్చిన విద్య అది. ఇన్నాళ్ళూ సన్న బ్రష్ పట్టుకుని దాన్ని దాచిపెట్టుకున్నారు. ఆ పొరలో కొన్ని చోట్లని చివరిదాకా ముట్టుకోకూడదని ముందే గుర్తుపెట్టుకున్నాం: వెనక డిఫెండర్ చొక్కా, నేల మీద లేచిన దుమ్ము. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. రైడర్ పాదం ఆగిపోయింది, నడుము ఆగలేదు, అది చూడగానే తెలుస్తోంది.

ఇలాంటి మనుషులు వస్తే

ఈ కేసు తర్వాత నేను అడిగే ప్రశ్నల వరస మారింది. ఎవరైనా "రోజూ దిద్దుతున్నా కుదరట్లేదు" అంటే ముందు ఫోన్‌లో రోజువారీ ఫొటోలు అడుగుతున్నాను, తర్వాత ఏ టైములో వేస్తారో, ఏ లైటు కింద వేస్తారో అడుగుతున్నాను. డ్రాయింగ్ గురించి మాట్లాడేది ఆ తర్వాతే. అనాటమీ బలహీనంగా ఉందని క్లాసులకి పంపించబోయిన ఒకరిద్దరి విషయంలో అసలు ఇబ్బంది ఇంకిపోయిన నలుపేనని తేలింది. ఒకరైతే వెలుతురు కోసం కిటికీకి తెల్ల పరదా కట్టుకుని, రంగు నిర్ణయాలు పగటిపూటకి మార్చుకోగానే సగం బాధ తీరిందన్నారు.

రోజూ చెయ్యి ఆడాల్సిన మనిషికి ఆడించే చోటు ఒకటి ఇవ్వాలి, ఇది కూడా ఈ కేసులోదే. మాస్టారికి ఒక చిన్న కాన్వాస్ వేరేగా ఉంది. దాని మీద ఎన్నిసార్లయినా గీకవచ్చు, ఎలాగైనా దిద్దవచ్చు, ఎవరికీ చూపించేది కాదు. పెద్ద బొమ్మలు ఏవీ ముట్టుకునే దశలో లేని పొద్దుల్లో దాని మీద పడతారు.

ముఖాల దగ్గర మాత్రం ఆయనకి ఇంకా చెయ్యి ఆగదు. షీటు మీద సరే అనుకున్నాక కూడా కాన్వాస్ మీద రైడర్ కళ్ళని మరో రెండుసార్లు మారుస్తారు. తను ఆడేటప్పుడు ఎదుటివాడి కళ్ళే చూసేవాణ్ణి కదా అంటారు. దానికి నా దగ్గర ఇంకా సరైన విరుగుడు లేదు, ప్రస్తుతానికి ముఖాన్ని చివర్లో, ఒకే కూర్చోడంలో వేయిస్తున్నాను. కొత్త బొమ్మ ఎగ్జిబిషన్‌లో ఫైనల్ వార్నిష్ లేకుండానే ఉంది, పూర్తిగా ఆరేదాకా తాత్కాలికంగా వాడే రీటచ్ వార్నిష్ ఒక్క పల్చటి పొర కొట్టాం. మందంగా వేసిన భుజం దగ్గర ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, ఫైనల్ వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి. వానాకాలం తేమలో వేస్తే పాలపొరలా తెల్లబడే ప్రమాదం ఉంది కాబట్టి సంక్రాంతి దాటాక, పొడి ఎండ ఉన్న రోజు చూసి వేద్దామని అనుకున్నాం.